నాన్నగారి బరువు రోజూ చూడాలా?

ప్రశ్న: మా నాన్నగారికి హార్ట్ ఫెయిల్యూర్. రోజూ బరువు చూసి రాయమని నర్సు చెప్పారు. ఎందుకు?

జవాబు: గుండె పంపింగ్ తగ్గితే కిడ్నీలు ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుతాయి. ఒంట్లో లీటరు నీరు చేరితే బరువు కిలో పెరుగుతుంది. కాళ్ల వాపు కంటికి కనిపించకముందే ఈ మార్పు కాటాపై తెలిసిపోతుంది. అందుకే పొద్దున్నే, మూత్రవిసర్జన అయ్యాక, టిఫిన్‌కు ముందు, ఒకే కాటాపై చూడాలి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే డాక్టరుకు చెప్పాలి.

ఆసుపత్రిలో నర్సులు కాలిని వేలితో నొక్కి గుంట పడుతోందా అని చూస్తారు, ఎన్ని దిండ్లపై పడుకుంటున్నారో అడుగుతారు. ఇంట్లోనూ ఇవి గమనించవచ్చు. ఒక దిండు సరిపోయే మనిషికి మూడు కావలసి వస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అనుమానించాలి.

ఉప్పు ఎక్కువుండే ఆవకాయ, అప్పడం వదలడం మన ఇళ్లలో కష్టమే, అయినా వదలాలి. మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్ సొంతంగా వేసుకోకూడదు. అది నీటిని మరింత నిలుపుతుంది. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే వెంటనే 108కి ఫోన్ చేయండి.