ఇనప్పెట్టె తాళం – సెల్‌ఫోను తాళం

1977 నవంబరు 19 నాటి ఉప్పెనకు దివిసీమలో ఇళ్లే కొట్టుకుపోయాయి. ట్రంకుపెట్టెల్లోని దస్తావేజుల మాట వేరే చెప్పాలా?

నేడు మా చిలకలపూడి గిల్టునగల దుకాణాల్లో సైతం డబ్బు ఫోనులోకే వస్తోంది. ఆ తాళం నాన్నగారి బుర్రలో ఒక్కచోటే ఉంటే, ఆయన మంచాన పడ్డనాడు అమ్మ గతేమిటి? పోనీ గోడ క్యాలెండరు మీద రాద్దామా, వచ్చినవాళ్లందరికీ బహిరంగమే!

నేననేదిది. పాస్‌వర్డులన్నీ ఒక పాస్‌వర్డు మేనేజరులో దాచి, దాన్ని తెరిచే పాస్‌వర్డును పొంతనలేని అయిదారు మాటలు కలిపి పొడుగ్గా పెట్టుకోవాలి. అదొక్కటే రెండు కాగితాల మీద రాసి, కవర్లలో పెట్టి అంటించి, ఒకటి బీరువాలో, రెండోది ఉప్పెన అందని ఊళ్లో మేనమామ దగ్గర ఉంచాలి. బ్యాంకు పిన్నూ, ఓటీపీ మాత్రం ఈ లెక్కలో చేరవు. అవి ఇంట్లోవాళ్లకైనా చెప్పరాదని బ్యాంకుల నియమం. అమ్మ కోసం ఉమ్మడి ఖాతా తెరవాలి, నామినీ పేరు రాయించాలి.