వెల్డింగు టోపీ: చౌకది చాలునా, ఖరీదైనది కావాలా?

ఇదివరకు గుంటక పాస విరిగినా, గొర్రు పన్ను ఊడినా రైతు కొలిమి దగ్గరికో, రోడ్డు మీది వెల్డింగు షాపుకో పోవాల్సి వచ్చేది. అదునులో అక్కడ రోజంతా కూర్చున్నా వంతు వచ్చేది కాదు. ఇప్పుడు ఆరేడు వేల రూపాయలు పెడితే చేత్తో మోసుకుపోయే చిన్న ఇన్వర్టరు వెల్డింగు మెషీను వస్తోంది. నలుగురు చిన్న రైతులు కలిసి ఒకటి కొనుక్కుని గేట్లు, గొర్లు, ట్రక్కు తలుపులు, కేజీవీల్సు సొంతంగానే అతికించుకుంటున్న ఊళ్ళు చాలానే ఉన్నాయి. మంచిదే. కాని మెషీను మీద ఉన్న శ్రద్ధ కళ్ళ మీద ఉండటం లేదు. కూలింగు గ్లాసులు పెట్టుకుని రాడ్డు అంటించేవాళ్ళు, పాత ఎక్సరే ఫిలిం అడ్డం పెట్టుకునేవాళ్ళు, ఏదీ లేకుండా "ఒక్క టాకే కదా" అని మొహం పక్కకు తిప్పుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు.

ఈ మధ్య అద్దం తనంతట తానే నల్లబడే టోపీలు పల్లెల దాకా వచ్చాయి. ఆటో డార్క్ హెల్మెట్ అంటారు వీటిని. వెయ్యి, పదిహేను వందలకూ ఉంది, పాతికవేలకూ ఉంది. రెండూ ఒకటేనని దుకాణదారు ఒకడు చెబుతాడు. చౌకది పెట్టుకుంటే కళ్ళు పోతాయని ఇంకొకడు చెబుతాడు. ఇద్దరి మాటా పూర్తిగా నమ్మనక్కర్లేదు.

అద్దం ఎలా నల్లబడుతుంది?

వెల్డింగు మంటలో మనకు కనబడే వెలుగు ఒక్కటే కాదు, కనబడనివి ఇంకో రెండు ఉంటాయి. ఒకటి అతినీలలోహిత కిరణాలు. రాత్రికి కళ్ళల్లో ఇసుక పోసినట్టు చేసేవి ఇవే. రెండోది వేడి పుట్టించే పరారుణ కిరణాలు. ఏళ్ళ తరబడి ఈ కిరణాలు కంట్లో పడితే శుక్లాలు త్వరగా వచ్చే ప్రమాదం ఉంది.

ఆటో టోపీ అద్దం నిజానికి ఒక అద్దం కాదు, చాలా పొరలు. కనబడని కిరణాలను ఆపే పొర ఒకటి ముందే ఉంటుంది. దానికి సెల్లుతో పనిలేదు, మంటతో పనిలేదు, అది ఎప్పుడూ ఆపుతూనే ఉంటుంది. దాని వెనక ద్రవ స్ఫటికాల పొర ఉంటుంది. డిజిటల్ గడియారంలో అంకెలు నల్లగా కనిపిస్తాయి చూడండి, అదే పదార్థం. ముందు వైపున్న సెన్సర్లు మంటను పసిగట్టగానే ఈ పొరకు కరెంటు అంది అద్దం నల్లబడుతుంది. రాడ్డు తీయగానే మళ్ళీ తేటపడుతుంది. స్వీడన్‌లోని హోర్నెల్ కంపెనీ 1981లో 'స్పీడ్‌గ్లాస్' పేరుతో ఇలాంటి అద్దాన్ని మొదట బజారులోకి తెచ్చింది.

దీన్నిబట్టి రైతులు ఒకటి అర్థం చేసుకోవాలి. టోపీ నల్లబడటం ఒక క్షణం ఆలస్యమైతే కళ్ళు మాడిపోతాయన్నది నిజం కాదు, మొదటి పొర సరైనదైతే. వెలుగు మిరుమిట్లు గొలుపుతుంది, కళ్ళు బైర్లు కమ్ముతాయి, అంతవరకే. కాని ఆ మొదటి పొర నాసిరకమైతే అద్దం ఎంత నల్లబడినా లాభం లేదు. పైగా నలుపు చూసి ధైర్యంగా మంటలోకి చూస్తాం గనక ఇంకా నష్టం. చౌక టోపీలో భయపడాల్సింది ఇక్కడే. వేగం గురించి కాదు.

వేగం లెక్కలు

చౌక టోపీ డబ్బా మీద సెకనులో పదివేలోవంతులోనో, పదిహేనువేలోవంతులోనో నల్లబడుతుందని రాస్తారు. ఖరీదైన వాటి మీద పాతికవేలోవంతు అని ఉంటుంది. మన రెప్ప పడటానికి సెకనులో పదోవంతుకు పైనే పడుతుంది. నెలకు పది రాడ్లు కాల్చే రైతుకు ఈ తేడా తెలియదు. రోజుకు వందల టాకాలు వేసే షాపు కుర్రాడికైతే ఆ చిన్న చిన్న మెరుపులన్నీ కలిసి సాయంత్రానికి కళ్ళు అలసిపోతాయి, వాడికి తెలుస్తుంది.

ఎక్కువ డబ్బు దేనికి?

ఖరీదైన టోపీలో మొదట కనిపించే తేడా చూపు. అద్దం మీద గాని లోపలి అంచున గాని సన్నని అక్షరాలతో 4/9-13 అని, కాస్త పక్కన 1/1/1/2/379 అని ఉంటుంది. ఇందులో 4 అంటే మంట లేనప్పుడు అద్దం ఎంత ముదురుగా ఉంటుందన్నది. 9-13 అంటే మంట ఉన్నప్పుడు ఎంతవరకు నల్లబరచుకోవచ్చన్నది. తరువాతి నాలుగు అంకెలూ అద్దం నాణ్యత: వంకర లేకుండా కనబడటం, మసక లేకపోవటం, అద్దమంతా ఒకే నలుపు ఉండటం, పక్కవాటుగా చూసినా నలుపు మారకపోవటం. 1 అంటే మేలురకం, 3 అంటే నాసి. చివరి 379 ఐరోపా ప్రమాణం నంబరు. దాని స్థానంలో 2021లో ఐ.ఎస్.ఓ. 16321 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది, కొత్త టోపీల మీద అది ఉండవచ్చు. వెల్డింగులో కళ్ళు, ముఖం కాపాడే సామానుకు మన దేశపు ప్రమాణం ఐ.ఎస్. 1179. వీటిలో ఏ గుర్తూ లేకుండా డబ్బా మీద బొమ్మలు మాత్రమే ఉన్న టోపీని ఎంత చౌకగా ఇచ్చినా ముట్టుకోవద్దు. గుర్తు కూడా డబ్బా మీద కాదు, అద్దం మీదే ఉండాలి.

రెండో తేడా సెన్సర్లు. చౌకవాటికి రెండు, ఖరీదైనవాటికి మూడో నాలుగో ఉంటాయి. బల్ల మీద పెట్టి చేసే పనికి రెండు చాలు. మన పని అలా ఉండదు కదా! ట్రక్కు కింద వెల్లకిలా పడుకుని చాసిస్‌కు టాకా వేస్తాం, గొర్రు ఫ్రేము సందులోంచి తొంగిచూస్తాం. మధ్యలో పట్టీ అడ్డం వచ్చి సెన్సర్లకు మంట కనబడకపోతే అద్దం తేటగానే ఉండిపోతుంది, వెలుగు సూటిగా కంట్లో కొడుతుంది. రెండు సెన్సర్ల టోపీ ఉన్నవాళ్ళు సందుల్లో పనికి పాత నల్లద్దం అడ్డే వాడుకోవటం మంచిది.

మూడోది సెల్లు. ముందుభాగంలో సోలారు పలక ఉంది గనక సెల్లు అక్కర్లేదని అమ్మేవాళ్ళు చెబుతారు. చాలా చౌక టోపీల్లో లోపల చిన్న సెల్లు ఉంటుంది, కాని అతికేసి ఉంటుంది. అది చచ్చిపోయిన రోజున టోపీ పారేయాల్సిందే. గుండీ సెల్లు మార్చుకునే మూత ఉన్న టోపీకి మూడు నాలుగు వందలు ఎక్కువైనా పెట్టండి. చౌకరకాల్లో కూడా ఇలాంటివి దొరుకుతున్నాయి, అడగాలి.

తేలికగా ఉండటం, తలపట్టీ కుదురుగా ఉండటం, విడిభాగాలు దొరకటం వంటివి కూడా ఖరీదైన వాటిలో మెరుగే. రోజంతా పెట్టుకునేవాడికి అవి ముఖ్యం.

నలభై దాటినవాళ్ళకు

ఈ విషయం దుకాణంలో ఎవరూ చెప్పరు. చత్వారం వచ్చిన రైతుకు ఎంత మంచి టోపీ ఇచ్చినా కరిగే ఇనుము మసకగానే కనిపిస్తుంది. అద్దం బాగాలేదని టోపీని తిట్టుకుంటారు. టోపీ లోపలి వైపు బిగించుకునే దగ్గరచూపు అద్దం ముక్కలు విడిగా దొరుకుతాయి, ఒకటిన్నర నుంచి రెండున్నర పవరు దాకా. ఖరీదు కొద్దిపాటే. అయితే దాన్ని దోపుకునే గాడి టోపీలో ఉండాలి. చాలా చౌకవాటిలో ఉండదు. గాడి లేకపోతే చదువుకునే కళ్ళజోడు పెట్టుకుని పైన టోపీ పెట్టుకోవచ్చు, మొహానికీ అద్దానికీ మధ్య ఎడం సర్దుకునేలా ఉండాలి. కొనేటప్పుడు కళ్ళజోడుతోనే వెళ్ళి పెట్టి చూసుకోండి.

దుకాణంలో పరీక్ష

టెస్టు బటను ఉంటే నొక్కి చూడండి. లేకపోతే టోపీని ఆరుబయటికి తెచ్చి, సెన్సిటివిటీ మీట పూర్తిగా పెంచి, తలకు పెట్టుకోకుండా చేత్తో చాచి ఎండకు ఎదురుగా తిప్పండి. అద్దంలోంచి సూర్యుణ్ణి చూడొద్దు, పక్కనుంచి అద్దం రంగు మారిందా లేదా మాత్రం గమనించండి. నీడకు తేగానే తేటపడాలి. అయిదారుసార్లు చేయండి. ఒక మూల తెల్లగా మిగిలినా, మచ్చలు కనిపించినా, మినుకుమినుకుమన్నా వద్దు. తరువాత ఒక సెన్సరును వేలితో మూసి మళ్ళీ చూడండి, రెండోది ఒక్కటే పని చేయాలి. పైన ఉండే పారదర్శకపు పలక విడిగా దొరుకుతుందో లేదో అడిగి, రెండు అదనంగా కొనండి. నిప్పురవ్వలు పడి చెడేది ఆ పలకే.

ఎంత నలుపు పెట్టాలి?

పన్నెండు నంబరు రాడ్డు, అంటే 2.5 మిల్లీమీటర్లది, 70 నుంచి 90 ఆంపుల మీద కాలుస్తాం. దీనికి షేడు 10 పెట్టుకోవచ్చు. పది నంబరు రాడ్డు 3.15 మిల్లీమీటర్లు, 90 నుంచి 130 ఆంపులు. దీనికి 10 గాని 11 గాని. ఎనిమిది నంబరు, 4 మిల్లీమీటర్ల రాడ్డు 140 నుంచి 180 ఆంపులు లాగుతుంది, 11 లేక 12 పెట్టాలి. కరిగే మడుగు స్పష్టంగా కనబడుతూ కళ్ళు చికిలించకుండా ఉండగలిగితే నలుపు సరిపోయినట్టు. మరీ నల్లగా పెట్టుకుంటే మంట మీదికి వంగిపోతాం, పొగంతా మొహానికే వస్తుంది.

గ్రైండింగు మీట సంగతి మరిచిపోవద్దు. దాన్ని గ్రైండింగుకు తిప్పితే మంట వచ్చినా అద్దం నల్లబడదు. తిరిగి వెల్డింగుకు తిప్పకుండా రాడ్డు అంటించి కళ్ళు బైర్లు కమ్మించుకున్నవాళ్ళు చాలామంది. చౌక టోపీ పెంకు గ్రైండరు రాయి పగిలితే ఆగకపోవచ్చు, లోపల మామూలు రక్షణ కళ్ళజోడు కూడా ఉండాలి. స్లాగు కొట్టేటప్పుడూ అంతే.

ఎవరికి ఏది?

నెలకు నాలుగు సార్లు సొంత పనికి మెషీను తీసే రైతుకు పాతికవేల టోపీ అనవసరం. మెషీను కన్నా టోపీ మూడింతలా! అద్దం మీద గుర్తులున్నది, నలుపు మార్చుకునే మీట ఉన్నది, సెల్లు మార్చుకోగలిగినది రెండు మూడు వేల లోపు చూసుకుంటే చాలు. ఆ మాత్రం కూడా పెట్టలేకపోతే ఇబ్బంది లేదు: 10 లేక 11 నంబరు మంచి నల్లద్దం బిగించిన మామూలు టోపీ కంటిని అంతే బాగా కాపాడుతుంది. గుర్తుల్లేని ఆటో టోపీ కన్నా అది నూరుపాళ్ళు మేలు. చేయి అలవాటు లేనివాళ్ళకు రాడ్డు ఎక్కడ అంటించాలో ముందే కనిపించటం, రెండు చేతులూ ఖాళీగా ఉండటం ఆటో టోపీ సౌకర్యం. కొత్తవాళ్ళకు కళ్ళు దెబ్బతినేది ఎక్కువగా అడ్డు పెట్టుకునేలోపు రాడ్డు తగిలినప్పుడే.

ఖరీదైనది ఎవరికంటే, ఊళ్ళో షాపు పెట్టుకుని దీని మీదే బతికే కుర్రాడికి. పది మంది రైతులు కలిసి పనిముట్లు అద్దెకిచ్చే కేంద్రం నడుపుతూ రోజూ వెల్డింగు చేసేచోట కూడా పెట్టిన డబ్బు దండగ కాదు.

మరొకటి. మన ఇళ్ళల్లో వెల్డింగు ఒక్కరు చేయరు. ముక్క కదలకుండా భార్యో కొడుకో పట్టుకుంటారు, మొహం పక్కకు తిప్పుకుంటారు. పక్కకు తిప్పినా గోడమీద పడి తిరిగొచ్చే కిరణాలు తగులుతాయి. కాబట్టి ఒక మంచి టోపీకి నాలుగువేలు పెట్టగలిగినవాళ్ళు రెండువేలవి రెండు కొనటం తెలివైన పని. పిల్లల్ని మాత్రం దగ్గరికి రానీయొద్దు.

టోపీని ట్రాక్టరు సీటు మీద, ట్రక్కు పెట్టెలో ఎండకు వదలకండి. ఈ అద్దాలు సాధారణంగా 55 డిగ్రీల వేడి వరకే పనిచేసేలా చేస్తారు. మన వేసవిలో మూసిన పెట్టెలో అంతకు మించుతుంది. పురుగుమందుల గదిలో కూడా పెట్టొద్దు. అద్దాన్ని మెత్తటి పొడిగుడ్డతో తుడవాలి, పెట్రోలు, థిన్నరు తగలనీయకూడదు. సెన్సర్ల మీద దుమ్ము లేకుండా పని ముందు ఒకసారి తుడవండి.

ఏ టోపీ అయినా పొగను ఆపదు. జీఐ పైపులు అతికిస్తే వచ్చే తెల్లటి పొగ పీల్చితే ఆ రాత్రికి చలిజ్వరం వస్తుంది. జింకు పూతను గీకేసి, గాలి వీపు వైపు కాకుండా పక్కనుంచి వీచేలా కూర్చోవాలి.

కళ్ళు కాలితే

నొప్పి వెంటనే తెలియదు. ఆరు నుంచి పన్నెండు గంటల తరువాత, సాధారణంగా అర్ధరాత్రి, కళ్ళు ఎర్రబడి, నీళ్ళు కారి, వెలుతురు చూడలేకపోతారు. ఆలుగడ్డ ముక్కలు, ఆకు పసర్లు, తల్లిపాలు కంట్లో వేయొద్దు. కళ్ళు నలపొద్దు. చల్లని తడిగుడ్డ మూసిన రెప్పల మీద వేసుకుని చీకటి గదిలో పడుకోవాలి, నొప్పికి పారాసిటమాల్ వేసుకోవచ్చు. నొప్పి తెలియకుండా చేసే మత్తు చుక్కలు మందుల షాపులో అడిగి సొంతంగా వేసుకుంటే కంటిపొర మానదు, పుండు పడుతుంది. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. తగ్గకపోయినా, చూపు మసకబారినా, ఒక కంట్లోనే గుచ్చుతున్నట్టున్నా ఇనుప రజను దిగి ఉండవచ్చు, ఆలస్యం చేయకుండా కంటి డాక్టరుకు చూపించుకోవాలి.