నెల్లి, ఉసిరి, ఆమ్లా: ఒక పేరు, పలు మొక్కలు

మన ఊరి పేరులోనే ఒక మొక్క దాగి ఉన్నది. అది ఏ మొక్క అన్న విషయమున మాత్రము పెద్దలలో ఏకాభిప్రాయము లేదు. తమిళమున ‘నెల్’ అనగా వడ్లు. పెన్నానది నీటితో వరి పండెడి సీమ గనుక ‘నెల్’కు ‘ఊరు’ చేరి నెల్లూరు అయినదని కొందరి మతము. ‘నెల్లి’ అనగా ఉసిరిచెట్టు. ఉసిరిచెట్టు క్రింద వెలసిన శివలింగమునకు ముక్కంటి ఆలయము కట్టించెనని, మూలాపేటలోని మూలస్థానేశ్వరాలయమే అదియని, ఆ నెల్లి వలననే ఊరికి పేరు వచ్చినదని మరియొక ఐతిహ్యము. ‘నెల్’ అన్నను, ‘నెల్లి’ అన్నను, ‘ఊరు’తో సంధి జరిగినపుడు తెలుగువాని చెవికి వినబడునది ‘నెల్లూరు’ అను ఒక్కమాటయే. కావున రూపమును మాత్రమే చూచి తీర్పు చెప్పుట సాధ్యము కాదు.

ఈ చిన్న చిక్కు నుండియే మన పాఠము మొదలగుచున్నది. ఒకే పేరు వేరువేరు మొక్కలకు చెందుట మూడు విధములుగా జరుగుచుండును. వేరువేరు మాటలు ధ్వనిలో కలిసిపోవుట మొదటి విధము. నెల్, నెల్లి అట్టివి. పోలికను బట్టి జనులు ఒకే పేరును పలు మొక్కలకు పంచుట రెండవ విధము. పండితులు పొరపాటున ఒకదాని పేరు మరియొకదానికి తగిలించుట మూడవ విధము. ఉసిరి కథలో ఈ మూడును కలవు.

మూడు ఉసిరికలు

తెలుగునాట ‘ఉసిరి’ అన్న మాత్రమున మూడు మొక్కలు మనస్సునకు వచ్చును. మొదటిది రాతి ఉసిరి. ఇది పెద్ద చెట్టు. కార్తీక మాసమున వనభోజనములు దీని నీడనే జరుగుచుండును. కాయ గుండ్రముగా, గట్టిగా ఉండి, పైన ఆరు సన్నని గీతలు కలిగియుండును. మన ఇండ్లలో నిలువ పచ్చడికిని, ఆమ్లా మురబ్బాకును పనికివచ్చునది ఇదియే. రెండవది రాచ ఉసిరి. దీనినే చిన్న ఉసిరి యనియు, పుల్ల ఉసిరి యనియు అందురు. ఇది పెరటి చెట్టు. లేత పసుపురంగు కాయలు గుత్తులు గుత్తులుగా కొమ్మలనంటి కాయును. వాని ఒంటిపై నొక్కులు ఉండును. మూడవది నేల ఉసిరి. ఇది చెట్టు కాదు. వానలు పడగానే పొలము గట్లపైనను, పెరళ్లలోను మొలచు జానెడు, మూరెడు మొక్క. దీని కాయలు ఆవగింజకన్న కొంచెము పెద్దవై, రెమ్మ క్రింది వైపున వరుసగా వ్రేలాడును.

పెద్ద చెట్టునకును, మూరెడు మొక్కకును ఒకే పేరు ఎట్లు కుదిరినది? రెమ్మను చేతిలోనికి తీసికొని చూచినచో సమాధానము దొరకును. సన్నని రెమ్మకు ఇరువైపుల చిన్న ఆకులు వరుసదీరి ఉండుట వలన రెమ్మ అంతయు ఒకే ఆకువలె కనబడును. పూవులును కాయలును ఆ ఆకుల మొదళ్లలోనే పుట్టును. మన పూర్వులు ఎత్తును చూడలేదు, ఈ అమరికను చూచిరి. వృక్షశాస్త్రజ్ఞులు ఈ మూడింటిని నేడు ‘ఫిలాంథస్’ అను ఒకే ప్రజాతిలో చేర్చుచున్నారు. గ్రీకు భాషలో ఆ మాటకు ‘ఆకుపూవు’ అని అర్థము.

ఇచ్చట ఒక విశేషము గమనింపదగినది. స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1753లో మొక్కలకు పేర్లు పెట్టినపుడు రాతి ఉసిరిని ఫిలాంథస్‌లోనే చేర్చెను. రాచ ఉసిరిని మాత్రము ఉర్దూలో ‘కమ్రఖ్’ అనబడు నక్షత్రపు పండుతో జతచేసెను. అది తన బంధువుల చెంతకు చేరి ‘ఫిలాంథస్ ఆసిడస్’ అను నేటి శాస్త్రనామమును పొందుట 1909లో జరిగినది. పల్లెవాని పేరు పండితుని పేరుకన్న సరియైనదని ఇచ్చట ఒప్పుకొనవలసియున్నది.

భాషలు చెప్పు సాక్ష్యము

ఈ చూపు తెలుగువారికి మాత్రమే చెందినది కాదు. సంస్కృతమున పెద్ద చెట్టు ఆమలకి. చిన్న మొక్క భూమ్యామలకి. తమిళమున అది నెల్లి. ఇది కీళానెల్లి, అనగా క్రింద కాయు నెల్లి. ఉర్దూలో అది ఆమ్లా. ఇది భూయీఁ ఆమ్లా. నాలుగు భాషలును ఒకే విధముగా ఆలోచించినవి. రాచ ఉసిరిని మాత్రము ఉర్దూ ‘హర్ఫారేవడీ’ అని వేరుచేసినది. ఆంగ్లేయులు మన ఉసిరిని ‘ఇండియన్ గూస్‌బెర్రీ’ అనిరి. వారి గూస్‌బెర్రీకిని మన ఉసిరికిని పులుపే గాని బంధుత్వము లేదు. అది నాలుక పెట్టిన పేరు. మనవారిది కన్ను పెట్టిన పేరు.

‘ఆమలక’ అను సంస్కృత పదము పారసీకమున ‘ఆములహ్’ అయి, అరబ్బీలో ‘ఆమ్లజ్’ అయి, అచటినుండి లాటినులోనికి ‘ఎంబ్లికా’గా చేరినది. లిన్నేయస్ పెట్టిన ‘ఫిలాంథస్ ఎంబ్లికా’ అను పేరులో మన మాటయే ఉన్నది. ఉసిరి, కరక్కాయ, తానికాయ కలిసినచో త్రిఫల. యునానీ వైద్యములో ‘ఇత్రీఫల్’ అనబడు ఔషధముల పేరు ఈ త్రిఫలయే. హకీముగారి సీసాపైని పేరును, వైద్యుని మాత్రపైని పేరును ఒకే మూలమునుండి వచ్చినవి. రెండు భాషల నీడలో చదువుకొను మన విద్యార్థులు ఈ సంగతిని మరువరాదు.

పేరు తప్పినచో

ఇంతవరకు చెప్పినది మాటల ముచ్చట అనిపింపవచ్చును. కాని ఒక ఇంటిలో ఎవరికో పచ్చకామెర్లు వచ్చినవనుకొందము. నేల ఉసిరి తెమ్మని ఒక పిల్లవానిని పంపుదురు. వాడు గట్టుపై కనబడిన మొక్కను పెరికి తెచ్చును. అది నేల ఉసిరి కావచ్చును. దానిని పోలిన ఎర్ర ఉసిరికయు కావచ్చును. ఎర్ర ఉసిరికకు కాండము ఎరుపు డాలుగా ఉండును. కాయలకు కాడ దాదాపు ఉండదు, పైన గరుకుగా ఉండును. నేల ఉసిరి కాయకు సన్నని కాడ ఉండును, పైభాగము నున్నన. ఎండబెట్టి కట్టలు కట్టిన పిమ్మట ఈ భేదము ఎవరికి తెలియును? అంగళ్లలో అమ్ము కట్టలలో పలు జాతులు కలిసియుండుట పరిశీలకులు గమనించిరి.

పండితులును ఇచ్చట తడబడిరి. మన నేల ఉసిరిని చాలకాలము పుస్తకములలో ‘ఫిలాంథస్ నిరూరి’ అని వ్రాసిరి. ఆ పేరు నిజమునకు అమెరికా ఖండపు మొక్కకు చెందినది. 1950వ దశకమున వెబ్‌స్టర్ అను శాస్త్రజ్ఞుని పరిశోధనల వలన ఈ చిక్కు విడినది. మన గట్లపైని మొక్క ‘ఫిలాంథస్ అమారస్’. అయినను పాత పేరు ఈనాటికిని ఔషధముల చీటీలపై కనబడుచునే ఉన్నది.

1988లో మద్రాసు పరిశోధకులు త్యాగరాజన్ ప్రభృతులు, నోబెల్ బహుమతి గ్రహీత బ్లూంబర్గ్‌తో కలిసి, హెపటైటిస్-బి క్రిమిని మోయువారికి ఈ మొక్క పొడిని 30 దినములు ఇచ్చిన ఫలితములను లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. మందు పొందిన 37 మందిలో 22 మంది రక్తమున ఆ క్రిమి చిహ్నము మాయమైనదనియు, ఉత్తపొడి పొందిన 23 మందిలో ఒక్కనికి మాత్రమే అట్లు జరిగినదనియు వారు తెలిపిరి. లోకము ఆశతో చూచినది. కాని ఇతర దేశములలో జరిగిన పరీక్షలలో అట్టి ఫలితము రాలేదు. మొక్క జాతియు, పెరిగిన నేలయు, కోసిన కాలమును వేరగుట ఇందుకు కారణములు కావచ్చునని కొందరు తలచిరి. ఏమైనను గుణము రుజువైనదని చెప్పుటకు వీలులేదు. కావున కామెర్లు కనబడినపుడు మొదట చేయవలసినది రక్తపరీక్షయును, వైద్యుని దర్శనమును. గట్టుపైని మొక్కను వెదకుట కాదు.

రాతి, రాచ, నేల, ఎర్ర — ఇవి చిన్న మాటలే. ‘ఉసిరి’ అను మాట వంశమును చెప్పును. ఈ చిన్న మాట వ్యక్తిని చెప్పును. రాతికిని రాచకును ఒక్క అక్షరమే భేదము. ఆ అక్షరము జారినచో కాయ మారును, నేల ఉసిరి విషయమున అట్లు జారినచో మందే మారును. ఇంటిపేరు ఒక్కటే గదా యని అన్నకు వ్రాసిన ఉత్తరమును తమ్మునికి అందింపము గదా!

స్పష్టముగా తెలిసిన విషయమును ‘కరతలామలకము’ అందుము, అనగా అరచేతిలోని ఉసిరికాయ. అరచేతిలో ఉన్నది ఏ ఉసిరియో తెలిసినపుడే ఆ సామెత సార్థకమగును. ఈసారి వానలు పడినపుడు విద్యార్థులు గట్టుపైని ఒక మొక్కను చేతిలోనికి తీసికొని, రెమ్మను తిరుగవేసి, కాయకు కాడ ఉన్నదో లేదో చూతురుగాక. తమ ఇంటిలోని పెద్దలు దానిని ఏ భాషలో ఏమందురో అడిగి వ్రాసికొందురుగాక. నెల్లి పేరు మోయుచున్న ఊరివారికి అంతపాటి విధి కలదు.