కాఫీ తాగినం, కవరు ఎటు పోయింది?

మా చదువు కేంద్రం తాండూరులో ఉంది. సాయంత్రం ఏడు గంటలకు అందరూ వస్తారు. వారిలో ఒక అక్కకు రోడ్డు పక్కన చిన్న హోటలు ఉంది. చాయ్, కాఫీ అమ్ముతుంది. మేమంతా ఆమెను హోటలక్క అంటాం.

ఒకనాడు హోటలక్క పుస్తకం తెరవలేదు. మూలకు కూర్చుంది. "ఏమైందక్కా?" అని అడిగాను.

"మా వదినోళ్ల బర్రె సచ్చిపోయింది టీచరమ్మా. నాలుగు రోజుల సంది మేత ముట్టలే. కడుపు ఉబ్బింది. కడుపుల ప్లాస్టిక్ ఉన్నదని పశువుల డాక్టరు చెప్పిండు. మా వదిన నా దిక్కే చూస్తున్నది. హోటలు ఎనక కప్పులు, కవర్లు పారేసేది నేనే గద!"

ఎవరూ మాట్లాడలేదు. బర్రె ఎవరి కవరు తిన్నదో ఎవరు చెప్పగలరు? ఊరంతా పారేస్తుంది. కాని పాలు, చక్కెర అంటిన కప్పు కనబడితే పశువు నోరు పెడుతుంది. అది మనందరికీ తెలుసు.

ఆ రోజు పాఠం పక్కన పెట్టాం. కాఫీ కవరు గురించి మాట్లాడుకున్నాం.

కవరు ఎందుకు?

కాఫీ మన తాండూరులో పండదు. కర్ణాటక కొండల్లో పండుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో అరకు లోయలో పండుతుంది. అరకులో గిరిజన రైతులు చెట్ల నీడన కాఫీ పెంచుతారు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన తాండూరు కందికి 2022లో వచ్చింది కదా, అలాంటి గుర్తింపే.

పచ్చి గింజగా ఉన్నప్పుడు కాఫీకి గోనె సంచి చాలు. వేయించి పొడి చేశాకే చిక్కు వస్తుంది. పొడికి గాలి తగిలితే వాసన పోతుంది. తేమ తగిలితే గడ్డ కడుతుంది. వెలుతురుకు కూడా చెడుతుంది. అందుకే కంపెనీలు పొడిని మెరిసే కవరులో పెడతాయి.

ఆ కవరును చింపి చూడండి. బయట బొమ్మలున్న ప్లాస్టిక్ పొర. నడుమ అల్యూమినియం రేకు, లేదా దాని పూత. లోపల మళ్లీ ప్లాస్టిక్. అన్నీ కలిసి అతుక్కుని ఉంటాయి. వాటిని విడదీయడం చాలా కష్టం. పాల కవరు ఒకే రకం ప్లాస్టిక్. దాన్ని కరిగించి మళ్లీ వాడవచ్చు. కాఫీ కవరును అలా వాడలేరు. అందుకే పాత సామాను కొనేవాళ్లు దాన్ని ముట్టరు.

కాగితం కప్పు కాగితమేనా?

"నేను ప్లాస్టిక్ కప్పు వాడను. కాగితం కప్పే వాడుత" అంది హోటలక్క.

నిజమే. ప్లాస్టిక్ కప్పులను, గ్లాసులను ప్రభుత్వం 2022 జూలై 1 నుండి నిషేధించింది. మరి కాగితం కప్పులో కాఫీ పోస్తే ఎందుకు నానదు? లోపల పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది కాబట్టి. ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు ఈ కప్పులను పరీక్షించారు. 100 మిల్లీలీటర్ల వేడి నీళ్లు 15 నిమిషాలు ఉంచారు. దాదాపు 25,000 ప్లాస్టిక్ నలుసులు నీటిలో కలిశాయి. అవి కంటికి కనబడవు.

పారేస్తే ఎటు పోతుంది?

వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్టలు మీకు తెలుసు. ఆ గుట్టల్లోనే మూసీ నది పుట్టింది. తాండూరు పక్కన పారే కాగ్నా కూడా అక్కడే మొదలైంది. గుట్ట మీద ఎవరో కాఫీ తాగి కవరు పారేస్తారు. వాన దాన్ని వాగులోకి తోస్తుంది. వాగు నదిలో కలుస్తుంది. మూసీ నీళ్లు గండిపేట చెరువుకు పోతాయి. కాగ్నా మన దగ్గరికే వస్తుంది.

"అయితే కాలబెడితే పోదా?" అని ఒక పెద్దాయన అడిగాడు.

ఇంటి ముందు కాలిస్తే విషపు పొగ వస్తుంది. దేశంలో కొన్ని సిమెంటు ఫ్యాక్టరీలు ఇలాంటి చెత్తను బొగ్గుతో పాటు కాలుస్తాయి. ఆ కొలిమిలో వేడి 1,400 డిగ్రీలు దాటుతుంది. మన చెత్త కుప్పకు అంత వేడి ఎక్కడిది? అందుకే ఎక్కడా కాల్చవద్దు. పొడి చెత్తను వేరుగా ఉంచి చెత్త బండికి ఇవ్వాలి.

లెక్క చేద్దాం

హోటలక్క రోజుకు 100 కప్పులు వాడుతుంది. కప్పు 50 పైసలు అనుకుందాం. రోజుకు 50 రూపాయలు. నెలకు 1,500 రూపాయలు.

స్టీలు గ్లాసు 25 రూపాయలు అనుకుందాం. 40 గ్లాసులకు 1,000 రూపాయలు. అంటే 20 రోజుల కప్పుల ఖర్చుతో గ్లాసులు వస్తాయి.

"లెక్క మంచిగనే ఉన్నది. గ్లాసులు కడిగేదెవరు? నీళ్లు మోసేదెవరు? కరోనా వచ్చినప్పటి సంది కొందరు గ్లాసు ముట్టరు" అంది హోటలక్క.

ఆమె మాటా నిజమే. అందరం ఆలోచించాం. కూర్చుని తాగేవాళ్లకు స్టీలు గ్లాసు. బస్సుకు, రైలుకు ఉరికేవాళ్లకు కాగితం కప్పు. గ్లాసులు సబ్బుతో కడగాలి. తర్వాత వేడి నీళ్లలో ముంచి తీయాలి. అది గిరాకీ కళ్ల ముందే చేయాలి. అప్పుడు నమ్మకం కుదురుతుంది.

కాఫీ పొడికి కూడా ఉపాయం దొరికింది. రోజుకు 30 చిన్న కవర్లు చింపే బదులు ఒక పెద్ద ప్యాకెట్ కొనాలి.

"వానకాలం గడ్డ కడుతది గద?" అంది హోటలక్క.

రెండు డబ్బాలు పెట్టుకోవాలి. పెద్ద డబ్బాకు మూత గట్టిగా ఉండాలి. అందులోంచి రోజుకు సరిపడా పొడి చిన్న డబ్బాలోకి తీయాలి. తడి చెంచా పెట్టవద్దు. పొయ్యి ఆవిరి తగలనీయవద్దు.

ఇలా చేస్తే చెత్త పూర్తిగా పోదు. కాని చాలా తగ్గుతుంది.

కంపెనీల బాధ్యత లేదా?

ఉంది. కవరు తయారు చేసింది మనం కాదు. ప్లాస్టిక్ చెత్త నియమాలు 2016లో వచ్చాయి. 2022లో వాటిని ఇంకా గట్టి చేశారు. తమ కవర్ల చెత్తకు కంపెనీలే బాధ్యత వహించాలని ఆ నియమాలు చెబుతున్నాయి. ఒకే రకం ప్లాస్టిక్‌తో కవరు చేస్తే మళ్లీ వాడవచ్చు. అలాంటి కవర్లు కావాలని మనం అడగాలి. అడగడం మన హక్కు.

నెల తర్వాత

వదిన ఇంకా బర్రెను కొనలేకపోయింది. పోయిన బర్రె తిరిగి రాదు. హోటలు వెనక మాత్రం ఇప్పుడు మూత ఉన్న డబ్బా ఉంది. అక్కడికి పశువులు రావడం లేదు.

హోటలు ముందు ఒక బోర్డు కూడా ఉంది. హోటలక్క తన చేత్తోనే రాసింది. "గ" కింద "ల" వత్తు ఎట్ల పెట్టాలో నన్ను అడిగి మరీ రాసింది.

"కూసొని తాగేటోళ్లకు గ్లాసు. కప్పులు, కవర్లు డబ్బాలో వేయండి."

ఆ బోర్డును ముందుగా చదివింది వాళ్ల వదినే.

చదవండి, రాయండి: గ్లాసు, కప్పు, ప్యాకెట్, అల్యూమినియం, బాధ్యత.

ఆలోచించండి, చెప్పండి:
1. కాఫీ పొడికి గాలి, తేమ తగిలితే ఏమవుతుంది?
2. కాఫీ కవరును పాత సామాను కొనేవాళ్లు ఎందుకు తీసుకోరు?
3. మీ వీధి హోటల్లో రోజుకు ఎన్ని కప్పులు వాడతారు? అడిగి తెలుసుకోండి. నెలకు ఎన్నో లెక్క కట్టండి.
4. మీ ఇంట్లో ఏ సరుకును చిన్న కవర్లలో కొంటున్నారు? దానికి బదులు ఏం చేయవచ్చు? అందరూ కలిసి మాట్లాడుకోండి.