కడుపులో గుడ్డ: కేసుకు గడువు ఎప్పటి నుంచి?

ప్రశ్న: మూడేళ్ల కిందట ఆదోనిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డబ్బు కట్టి అమ్మకు గర్భసంచి ఆపరేషన్ చేయించాం. పోయిన నెల స్కానింగ్‌లో కడుపులో గుడ్డ ఉన్నట్టు తేలింది. ఇప్పుడు కేసు వేయొచ్చా?
– ఒక పాఠకురాలు, ఎమ్మిగనూరు

జవాబు: వేయొచ్చమ్మా. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం గడువు రెండేళ్లు. అయితే లోపల ఉండిపోయిన గుడ్డ రోగికి కనిపించేది కాదు. అలాంటప్పుడు గడువును సంగతి బయటపడిన నాటి నుంచి లెక్కించవచ్చు. కానీ మామూలు జాగ్రత్తతో ముందే తెలుసుకోగలిగి ఉండకూడదు. 1993లో ఆపరేషన్ జరిగిన ఒక నర్సు ఏళ్ల తరబడి నొప్పి ఉన్నా ఆ వైద్యుణ్ని సంప్రదించలేదు. గుడ్డ 2002లో బయటపడింది. ఆమె కేసు గడువు దాటిందని 2010లో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి ఈ మూడేళ్లలో నొప్పికి చూపించుకున్న చీటీలన్నీ దాచండి. ఆలస్యాన్ని మన్నించమని కారణాలతో అర్జీ కూడా జతచేయండి.

ముందుగా కేస్ షీట్ కోసం రాతపూర్వకంగా అడగండి. వైద్య మండలి నిబంధనల ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి. ఆ రికార్డులను మూడేళ్లే భద్రపరచాలన్నది నియమం, అందుకే రేపటికి వాయిదా వేయకండి. ఫిర్యాదు కర్నూలు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయొచ్చు. ఆసుపత్రికి కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు.