మన రైతు సంఘం వెబ్‌సైట్: ఫోల్డర్ల దారి ఎలా పెట్టాలి? ఎవరికి ఏ తాళం ఇవ్వాలి?



సంఘాలుగా కలిసి బియ్యం, పప్పులు, బెల్లం నేరుగా అమ్ముకునే రైతులు చాలామంది వర్డ్‌ప్రెస్‌లో సొంత వెబ్‌సైట్ పెట్టుకుంటున్నారు. వీడియోలో చూపించిన సెట్టింగులే ఇక్కడ రాసి పెడుతున్నాను, పక్కన పెట్టుకుని ఒక్కొక్కటి చేసుకోండి.

ముందుగా మా తప్పు చెప్తాను. మా సంఘం సైట్‌లో ఫోటోలు ఎక్కించే కుర్రాడు ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. అతని యూజర్ తీసేద్దామని డిలీట్ నొక్కాం. "ఇతను పెట్టినవి కూడా తీసేయాలా, వేరొకరి పేరు మీదికి మార్చాలా?" అని అడిగింది. చదవకుండా మొదటిది నొక్కేశాం. రాతలు ట్రాష్‌లో దొరికాయి గానీ, రెండేళ్ళ పంట ఫోటోలన్నీ పోయాయి. మీకు అలా జరక్కూడదనే ఈ పాఠం.

1. ఫోల్డర్ దారి

జిల్లా, మండలం, ఊరు, ఇంటి నంబరు ఉంటేనే ఉత్తరం చేరుతుంది కదా. ఫైలు దారి కూడా అంతే. వర్డ్‌ప్రెస్‌లో మనం ఎక్కించే ఫోటోలు డబ్ల్యూపీ-కంటెంట్ అనే ఫోల్డర్‌లో, దాని లోపల అప్‌లోడ్స్ అనే ఫోల్డర్‌లో చేరతాయి. సెట్టింగ్స్‌లో మీడియా తెరిస్తే, ఏడాది, నెల వారీగా ఫోల్డర్లు కట్టమనే టిక్కు గడి ఉంటుంది. అది పెట్టి ఉంచండి. అప్పుడు అప్‌లోడ్స్, 2024, 06 అని వరుసగా దారి తయారవుతుంది.

ఒకసారి ఎక్కించిన ఫోటోని సర్వర్‌లోకి వెళ్ళి వేరే ఫోల్డర్‌లోకి జరపొద్దు. పేజీలో పాత దారే రాసి ఉంటుంది కాబట్టి అక్కడ ఫోటో కనిపించదు.

ఫైలు పేరు తెలుగులో పెడితే లింకు కాపీ చేసినప్పుడు ఒక్కో అక్షరం కనీసం తొమ్మిది గుర్తులుగా మారి బారెడు అవుతుంది. అందుకే ఇంగ్లీషు చిన్న అక్షరాలు, అంకెలు, మధ్యలో అడ్డగీత వాడండి. పంట, రకం, తేదీ ఆ వరుసలో పెడితే వెతకడం తేలిక. చాలా సర్వర్లు లినక్స్ మీద నడుస్తాయి, వాటికి పెద్ద అక్షరం వేరు, చిన్న అక్షరం వేరు.

2. ఫోల్డర్ అనుమతులు

ఫోటో ఎక్కకపోతే "అనుమతి 777 పెట్టెయ్" అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. పెట్టొద్దు. అది చేనుకి కంచె తీసేసినట్టే, ఆ సర్వర్‌లో ఎవరైనా వచ్చి అందులో రాయొచ్చు. మామూలుగా ఫోల్డర్లకి 755, ఫైళ్ళకి 644 సరిపోతుంది. అంటే యజమాని రాస్తాడు, మిగతావాళ్ళు చదువుతారు. అయినా ఎక్కకపోతే హోస్టింగ్ వాళ్ళనే అడగండి.

3. ఎవరికి ఏ తాళం

అడ్మినిస్ట్రేటర్: అన్ని తాళాలూ ఇతని దగ్గరే. థీమ్, ప్లగిన్లు, యూజర్లు మార్చగలడు. ఇద్దరికి మించి ఇవ్వొద్దు. ఒక్కడే ఉంటే మాత్రం అతని పాస్‌వర్డ్ పోయిన రోజున అందరూ ఆగిపోతారు.

ఎడిటర్: అందరి రాతలూ దిద్ది ప్రచురించగలడు. సంఘం కార్యదర్శికి ఇది చాలు.

ఆథర్: తన రాతలు, తన ఫోటోలు తానే పెట్టుకోగలడు. పొలం నుంచి ఫోన్‌లో ఫోటోలు పెట్టే రైతుకి ఇది ఇవ్వండి.

కంట్రిబ్యూటర్: రాసి పంపగలడు, ప్రచురించలేడు. ఫోటోలు కూడా ఎక్కించలేడు. "నాకు ఫోటో ఎక్కట్లేదన్నా" అని ఎవరైనా ఫోన్ చేస్తే ముందు ఇదే చూడండి.

సబ్‌స్క్రైబర్: లాగిన్ అయి తన వివరాలు మాత్రం మార్చుకోగలడు.

ఒకే పాస్‌వర్డ్ నలుగురూ వాడుకోవద్దు. ఎవరి యూజర్ వాళ్ళకి ఉంటే ఎవరు ఏది మార్చారో తెలుస్తుంది. ఎవరైనా వెళ్ళిపోతే ముందు పాస్‌వర్డ్ మార్చండి, తర్వాత అతని రాతలన్నీ వేరొకరి పేరు మీదికి మార్చి, అప్పుడే యూజర్ తీసేయండి.

4. ఇది మాత్రం మర్చిపోవద్దు

సర్టిఫికేషన్ కోసం సభ్యుల ఆధార్, పట్టాదారు పాస్‌బుక్, బ్యాంకు పాస్‌బుక్ స్కాన్ చేసి సైట్‌లో పెడుతుంటారు. పేజీకి పాస్‌వర్డ్ పెట్టాం కదా అనుకుంటారు. పేజీకి తాళం ఉన్నా, అప్‌లోడ్స్‌లో ఉన్న ఫైలుకి తాళం పడదు. నేరుగా దారి తెలిసినవాళ్ళు ఎవరైనా తెరిచి చూడొచ్చు. తోటి రైతు నమ్మి ఇచ్చిన కాగితాలు అవి. సైట్‌లో పెట్టకండి, ఇప్పటికే పెట్టి ఉంటే ఈరోజే తీసేయండి.

నెలకోసారి సైట్ మొత్తం కాపీ తీసి బయట పెన్‌డ్రైవ్‌లో దాచండి. విత్తనాలు దాచుకున్నట్టే ఇదీ. మా దగ్గర ఆ కాపీ ఉండి ఉంటే ఆ ఫోటోలు ఇప్పటికీ ఉండేవి.

మీ తోటి సంఘాలకి కూడా చెప్పండి.