సరళి స్వరాలకు తొందరెందుకు?
(పిల్లలకు వాద్యం నేర్పిస్తున్న తల్లిదండ్రులకు కొన్ని మాటలు)



నవరాత్రులలో మన ఇళ్ళలో పూజాపీఠం ముందు పిల్లల పుస్తకాలతోబాటు వారి వాద్యాలు కూడా చేరుతాయి. వయొలిన్ పెట్టె మీద కుంకుమ బొట్టు, మృదంగానికి పూలదండ, వేణువుకు ఒక చేమంతి. మహర్నవమి నాడు వాటిని అమ్మవారి ముందు ఉంచి, దశమి నాడు తీసి నాలుగు స్వరాలు వాయిస్తే ఆ ఏటి విద్యకు శ్రీకారం చుట్టినట్లు. కొత్తగా సంగీతం తరగతిలో చేర్చేవారు కూడా ఆ రోజునే ఎంచుకుంటారు. రిచ్‌మండ్ హిల్‌లో మా పిల్లవాడు వెళ్ళే ఆదివారం తరగతిలో విజయదశమి నాడు కూర్చోవడానికి చాపలు చాలవు. ఉగాది వచ్చేసరికి కొన్ని చాపలు ఖాళీ అవుతాయి. మూడేళ్ళ క్రితం ఆ ఖాళీ చాపల్లో ఒకటి మా అబ్బాయిది. అలా కావడానికి కారణం వాడు కాదు, మేమే. ఇతర తల్లిదండ్రులకు ఉపయోగపడుతుందని ఆ సంగతి ఇక్కడ రాస్తున్నాం.

మా పొరపాటు

మా అబ్బాయి ఎనిమిదో ఏట విజయదశమి నాడు వయొలిన్‌లో చేరాడు. మొదటి మూడు నెలలూ సరళి స్వరాలే. ఇంటికి వచ్చిన స్నేహితులు "ఏదీ నాన్నా, ఒక పాట వాయించు" అంటే వాడు "సరిగమ" వాయించేవాడు. వాళ్ళు నవ్వి ఊరుకునేవారు. మాకు మాత్రం చిన్నతనంగా ఉండేది. ఉగాది కార్యక్రమంలో వాడి చేత ఒక కీర్తన వాయించాలని పట్టుబట్టాం. "ఇంకా జంట స్వరాలు స్థిరపడలేదండీ, కొంచెం ఆగండి" అని టీచరుగారు మెల్లగా చెప్పారు. మేము వినలేదు. ఆవిడ పాపం మా మాట కాదనలేక ఒప్పుకున్నారు.

ఏ తీగ మీద ఏ వేలు అని కాగితం మీద అంకెలు రాసుకుని వాడు బట్టీ పట్టాడు. ఉగాది నాడు వేదిక మీద రెండో వరుసలో ఒక వేలు తప్పింది. అక్కడినుంచి ఎలా అందుకోవాలో తెలియలేదు. మళ్ళీ మొదటికి వచ్చాడు, మళ్ళీ అక్కడే ఆగాడు. అందరూ మంచి మనసుతో చప్పట్లు కొట్టారు. ఇంటికి వచ్చాక వాడు వయొలిన్ పెట్టెలో పెట్టి, "నాన్నా, నాకు పాట రాదు. వేళ్ళు ఎక్కడ పెట్టాలో మాత్రమే వచ్చు" అన్నాడు. తరువాత ఆరు నెలలు ఆ పెట్టె తెరవలేదు.

ఆ మాట మమ్మల్ని ఆలోచింపజేసింది. సరళి స్వరాలు నిజంగా ఏం నేర్పుతాయో తెలుసుకోవాలనిపించింది.

సరళి స్వరాలలో ఏముంది?

సరళి స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు, స్వరజతి, వర్ణం, ఆపైన కీర్తన. ఈ మెట్ల వరుసలోని తొలి పాఠాలను ఏర్పరచినవారు పురందరదాసు (1484–1564) అని మన సంప్రదాయం చెబుతుంది. ఆయనను కర్ణాటక సంగీత పితామహుడని పిలవడానికి ఇదొక ముఖ్య కారణం. మొదటి పాఠాలకు మాయామాళవగౌళ రాగాన్ని ఎంచుకోవడంలో ఎంతో తెలివి ఉంది. వయొలిన్ చేతిలోకి తీసుకుంటే అది సులువుగా అర్థమవుతుంది.

మన పద్ధతిలో వయొలిన్ నాలుగు తీగలనూ స, ప, స, ప అని శ్రుతి చేస్తారు. షడ్జమం తీగ మీద వేలు పెట్టకుండా వాయిస్తే 'స'. మొదటి వేలు మెడ పైకొసకు దగ్గరగా పెడితే 'రి'. రెండో వేలు బాగా ఎడంగా పెడితే 'గ'. మూడో వేలు దాని పక్కనే ఆనించి పెడితే 'మ'. ఇక పక్క తీగకు మారి వేలు లేకుండా వాయిస్తే 'ప'. అక్కడ కూడా మొదటి వేలు దగ్గరగా పెడితే 'ద', రెండోది ఎడంగా పెడితే 'ని', మూడోది దాన్ని ఆనుకుని పెడితే పై 'స'. అంటే రాగం మొదటి సగంలోని దూరాలే రెండో సగంలోనూ ఉన్నాయి. పిల్లవాడు వేళ్ళ అమరిక ఒక్కటి నేర్చుకుంటే స్థాయి మొత్తం చేతికి వస్తుంది. పైగా దగ్గర స్వరమేదో, దూరపు స్వరమేదో చెవికి స్పష్టంగా తెలుస్తుంది. వయొలిన్‌కు వీణలాగా మెట్లు లేవు కనుక వేలు సరిగా పడిందా లేదా అన్నది చెవే తేల్చాలి. సరళి స్వరాలు ఆ చెవిని తయారు చేస్తాయి. కాగితం మీది అంకెలు ఆ పని చేయలేవు. చెవి తయారైన పిల్లవాడు ఎక్కడ తప్పినా అక్కడినుంచే అందుకోగలడు.

ఆ తరువాత వచ్చే మొదటి పాటలు మలహరి రాగంలోని పిళ్ళారి గీతాలు. పిళ్ళారి అంటే మన వినాయకుడే. మలహరి కూడా మాయామాళవగౌళ నుంచి పుట్టిన రాగమే కాబట్టి, పాట దగ్గరకు వచ్చేసరికి వేళ్ళకు దారి ముందే తెలిసి ఉంటుంది. బేవ్యూ ఎవెన్యూ మీద వెలసిన మన గణేశుని సన్నిధిలో పిల్లలు మొదటగా వాయించడానికి ఇంతకంటే తగిన పాటలు ఏముంటాయి?

వారానికి ఒక రోజు, మిగిలిన ఆరు రోజులు

పూర్వం శిష్యుడు గురువు ఇంట్లోనే ఉండి నేర్చుకునేవాడు. గురువు వంటింట్లో ఉన్నా శిష్యుడి అపస్వరం చెవిన పడేది. సంగీతం కళాశాల గదిలోకి వచ్చాక ఆ పద్ధతి మారింది. తెలుగువారికి ఈ మార్పులో పెద్ద పేరు విజయనగరానిది. అక్కడి మహారాజు 1919లో సంగీత కళాశాల స్థాపించారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి అధ్యక్షులు. అదే సంవత్సరం ద్వారం వెంకటస్వామినాయుడుగారు (1893–1964) అక్కడ వయొలిన్ ఆచార్యులయ్యారు. విద్యార్థిగా చేరాలని వచ్చిన యువకుణ్ణి, ఆయన వాయిద్యం విని గురువుగా నియమించారని చెబుతారు. 1936లో ఆ కళాశాలకు అధ్యక్షులయ్యారు. 1941లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదు పొందారు.

అంతటివారికి వయొలిన్ నేర్పింది ఆయన అన్నగారు. అంటే సాధన ఇంట్లోనే, వినేవాడు ఇంట్లోనే. మన పిల్లలకు ఆదివారం ఒక గంట గురువుగారు వింటారు. మిగిలిన ఆరు రోజులు వినవలసింది మనం. సంగీతం రాకపోయినా ఫరవాలేదు. శ్రుతిపెట్టె వేసి, పక్కన కూర్చుని, ఫోను అవతల పెట్టి వింటే చాలు.

వేళ్ళు ఎలా నేర్చుకుంటాయి?

మా వృత్తి వైద్యం కనుక ఈ విషయం కొంచెం వివరిస్తాం. మెడికల్ కాలేజీలో కుట్లు వేయడం నేర్చుకునే రోజుల్లో మేము కుర్చీ చేతికి దారం కట్టి వందలసార్లు ముడులు వేశాం. మొదట ప్రతి ముడికీ ఆలోచించాలి. కొన్నాళ్ళకు చేయి దానంతటదే వేస్తుంది. అప్పుడే మనసు రోగి మీదికి వెళ్ళగలుగుతుంది. సరళి స్వరాలూ అంతే. వేళ్ళ గురించి ఆలోచన తగ్గినప్పుడే మనసు రాగం మీదికి వెళుతుంది.

1995లో జర్మనీలోని పరిశోధకులు 9 మంది తీగవాద్యకారుల మెదడును పరీక్షించి సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. ఎడమచేతి వేళ్ళ స్పర్శకు స్పందించే మెదడు భాగం, వాద్యం తెలియనివారి కంటే వారిలో పెద్దదిగా కనిపించింది. చిన్నతనంలో మొదలుపెట్టినవారిలో ఆ తేడా ఇంకా ఎక్కువ. తీగల మీద అంతగా పని లేని బొటనవేలికి మాత్రం తేడా అంతగా లేదు. ఇది చిన్న అధ్యయనం. సంగీతం నేర్పితే పిల్లలు లెక్కల్లో మొదటి ర్యాంకు తెచ్చుకుంటారని దీని అర్థం కాదు. సాధన శరీరంలో నిజంగా చోటు చేసుకుంటుందని మాత్రం తెలుస్తుంది.

అలా చోటు చేసుకోవడానికి రోజుల వ్యవధి కావాలి, నిద్ర కావాలి. నేర్చుకున్న కదలికలను మెదడు నిద్రలో స్థిరపరుస్తుంది. అందుకే శనివారం రాత్రి రెండు గంటలు కూర్చోబెట్టడం కంటే రోజూ పావుగంట మేలు. తప్పు పడిన చోట వేగం తగ్గించి వాయించాలి. మొదటి కాలంలో కుదిరిన తరువాతే రెండో కాలం. వేగంగా పదిసార్లు తప్పు వాయిస్తే పిల్లవాడు ఆ తప్పునే సాధన చేసినట్లు అవుతుంది.

ఏ వాద్యం?

వయొలిన్: పిల్లల చేతి పొడవును బట్టి పావు, అర, ముప్పావు సైజులు ఉంటాయి. చేయి ఎదుగుతుంది కనుక మొదట అద్దెకు తీసుకోవడమే మంచిది. స్కూల్లో వయొలిన్‌ను గడ్డం కింద పెట్టి నిలబడి వాయిస్తారు. మన పద్ధతిలో బాసింపట్టు వేసుకుని, దాని తలను కుడి పాదం మీద ఆనించి వాయిస్తారు. పిల్లలు తికమకపడతారని భయపడనక్కరలేదు. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు మాట్లాడినట్లే రెండూ అలవాటవుతాయి.

వీణ: 24 మెట్లు, నాలుగు వాయించే తీగలు, మూడు తాళం తీగలు. పనస చెక్కతో చేసే బొబ్బిలి వీణలు మనకు గర్వకారణం. కింది స్థాయిలో మెట్ల మధ్య దూరం ఎక్కువ. చేయి అందని చిన్నపిల్లలకు ఒకటి రెండేళ్ళు గాత్రం నేర్పించి తరువాత వీణ పట్టించడం మంచిది. మొదటి వారాల్లో వేలికొసలు నొప్పి పుడతాయి. చర్మం గట్టిపడ్డాక తగ్గుతుంది.

మృదంగం: త, ధి, తొం, నం అనే నాలుగు శబ్దాలతో పాఠం మొదలవుతుంది. అవి విడివిడిగా, స్పష్టంగా పలికేదాకా గురువుగారు ముందుకు వెళ్ళరు. అది మన పిల్లల మంచికే.

వేణువు: మొదట గాలే వస్తుంది, నాదం రాదు. గట్టిగా ఊదితే తల తిరుగుతుంది. ఎక్కువ శ్వాస వదలడం వల్ల రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గడమే దీనికి కారణం. ఒక నిమిషం ఆగితే సర్దుకుంటుంది. కొద్దికొద్దిగా సాధన చేయించండి.

ఏ వాద్యమైనా మణికట్టు, మెడ, భుజం నొప్పి పుడితే ఆపి, కూర్చునే తీరు చూడమని గురువుగారిని అడగండి. నొప్పిని ఓర్చుకోవడం సాధన కాదు. విశ్రాంతి ఇచ్చినా తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

మన చలికాలానికి జాగ్రత్తలు

ఈ దేశంలో హీటింగ్ మొదలైతే ఇంట్లో గాలి పొడిబారుతుంది. చెక్క కుంచించుకుపోయి బిరడలు జారుతాయి, ఒక్కోసారి చెక్క పగులుతుంది. గదిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉండేలా చూసుకోవాలి. వాద్యాన్ని హీటర్ గాలి వచ్చే చోట పెట్టకండి. కారులో వదిలి షాపింగుకు వెళ్ళకండి. చలిలోంచి లోపలికి తెచ్చిన పెట్టెను వెంటనే తెరవకుండా కాసేపు అలాగే ఉంచండి. వేసవిలో ఎండలో నిలిపిన కారు వీణకు మరీ ప్రమాదం. దాని మెట్లు నిలబడేది మైనం మీదే.

తల్లిదండ్రులుగా మనం చేయగలిగినవి

1. సాధనకు ఒక వేళ, ఒక చోటు పెట్టండి. పళ్ళు తోముకోవడం లాగా అది రోజువారీ పని కావాలి.
2. పక్కింటి పిల్లలు ఏ వర్ణంలో ఉన్నారో అడగకండి.
3. వచ్చినవాళ్ళ ముందు వాయించమని బలవంతపెట్టకండి. పిల్లలు తామే వాయిస్తామంటే సరళి స్వరాలైనా శ్రద్ధగా వినండి.
4. వేదిక ఎప్పుడన్నది గురువుగారికి వదిలేయండి.
5. ఇంట్లో మంచి సంగీతం వినిపించండి. వినని భాష ఎవరికీ రాదు.

మళ్ళీ మా ఇంటి సంగతి. తరువాతి విజయదశమికి టీచరుగారిని కలిసి మా తప్పు ఒప్పుకున్నాం. వాణ్ణి మళ్ళీ ఎలా కూర్చోబెట్టాలని అడిగితే ఆవిడ నవ్వి, "ముందు మీరు కూర్చోండి" అన్నారు. నలభై దాటిన వయసులో పెద్ద సైజు వయొలిన్ ఒకటి అద్దెకు తెచ్చుకుని సరళి స్వరాలు మొదలుపెట్టాం. మా కమాను కీచుమన్న శబ్దానికి మొదటి రోజు ఇంట్లో అందరూ చెవులు మూసుకున్నారు. నాలుగో రోజు వాడు గదిలోంచి వచ్చి, "నాన్నా, గాంధారం తక్కువైంది. వేలు ఇంకొంచెం కిందికి" అన్నాడు. మాకు తేడా తెలియలేదు. వాడికి తెలిసింది! ఆరు నెలలు వాయించకపోయినా ఆ మూడు నెలల సరళి స్వరాలు వాడి చెవిలో అలాగే ఉన్నాయి. ఆ సాయంత్రం వాడే పెట్టె తెరిచి, తీగలు సరిచేసి, మాకు చూపించడానికి స నుంచి స దాకా వాయించాడు.

ఇప్పుడు వాడు వర్ణాలలో ఉన్నాడు. మేము ఇంకా అలంకారాలు దాటలేదు. ఈ విజయదశమికి మీ పిల్లలను చేర్పిస్తున్నారా? చాలా సంతోషం. ఉగాదికి ఏ పాట వాయిస్తారని మాత్రం అడగకండి. ఆ చాప మీద ఉగాదికి కూడా పిల్లవాడు కూర్చుని ఉంటే, అదే ఈ ఏటి కచేరీ అనుకుందాం.

శుభం.